మొగలి తరఫు సాక్షి

మా ఊరు కియాబంధని సముద్రం తినేసిందంటే గబుక్కున మింగేసిందనుకునేరు. అలా కాదు. కొత్త కోడలు అత్తగారి ముందు తిన్నట్టు కొంచెం కొంచెం తిన్నది. ముందు సరుగుడు తోపు అంచు కొరికి రుచి చూసింది. ఏడాది ఆగి, మేం పడవలు బోర్లించుకునే ఇసక మేట తిన్నది. ఆ తర్వాత బడి. బడి తిన్నాక మూడు నెలలపాటు అలలు బుద్ధిగా ఒకదాని వెనక ఒకటి వరసలో వచ్చేవి. లెక్కల మాస్టారి బెత్తం కూడా లోపలికి పోయింది మరి. పోస్టాఫీసు మాత్రం దానికి అరగలేదు. వారం రోజులు తడిసిన ఉత్తరాలు ఒడ్డుకి కక్కుతూనే ఉంది. అందులో ఒకటి నాకే వచ్చింది. నాకు చదవడం రాదు కాబట్టి అది మంచి వార్తే అయివుంటుందని ఆరబెట్టి దాచుకున్నాను.

నా పేరు ఉద్ధబ. ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్లు ఎవరూ లేరు, మా అక్క కూడా ఉధియా అనే అంటుంది. మా గంజాం జిల్లాలో నాలాంటివాణ్ణి గపువా అంటారు, కోతలరాయుడు అన్నమాట. నేను కాదనను. కోతలు లేకుండా మాట్లాడితే నాకు ఆకలి వెయ్యదు. కానీ ఒక్క మొగలి పువ్వు దగ్గర మాత్రం నేను అబద్ధం ఆడేవాణ్ణి కాదు. అక్కడ నా ముక్కు నా నోటిని మాట్లాడనిచ్చేది కాదు.

కళ్లకు గుడ్డ కట్టి పువ్వు నా ముందు పెడితే అది ఏ గట్టు మీద పూసిందో చెప్పేవాణ్ణి. ఉప్పుటేటికి ఉత్తరం గట్టు పువ్వైతే వాసన వెనకాల ఎక్కడో కాస్త చేప ఉంటుంది. దక్షిణం గట్టుదైతే తడిసిన తాటాకు ఉంటుంది. ఊరి చివర ఇసక దిబ్బ మీద పూసినదానికి చేపా లేదు తాటాకూ లేదు, నేరుగా వచ్చి చెంప మీద కొట్టినట్టుంటుంది. మా ఊరి పువ్వు ఒక్కటి సంచిలో పెట్టుకుని ఒకసారి బరంపురం రైలెక్కాను. ఇంజను డ్రైవరు ముందు ఏదో పెళ్లి ఊరేగింపు అడ్డం వస్తోందనుకుని బండి ఆపేశాడు. నమ్మకపోతే మానండి. ఈ కథలో నమ్మాల్సింది అది కాదు.

నమ్మాల్సింది నఫీస్ మియా భట్టీ గురించి. మియా అత్తరు వ్యాపారాల ఊరు కనౌజు నుంచి కుర్రతనంలో వచ్చి, మా పువ్వు వాసనకి ఇక్కడే ఆగిపోయినవాడు. ఏటి పక్క నాలుగు మట్టి పొయ్యిలు, వాటి మీద నాలుగు రాగి డెగ్గులు. పువ్వులు డెగ్గులో వేసి, నీళ్లు పోసి, మూత పెట్టి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి పక్కనున్న రాగి కూజాలోకి పోతుంది. కూజాలో గంధం నూనె ఉంటుంది. పువ్వు ప్రాణం వచ్చి ఆ నూనెలో కూర్చుంటుంది. అదీ అత్తరు.

మూత చుట్టూ దూదీ మట్టీ కలిపి మెత్తే ముందు ఆ భట్టీలో ఒక ఆచారం ఉండేది. పువ్వు ఊరివాడొకడు డెగ్గు ముందు నిలబడాలి. మియా "ఏ ఊరు?" అని మూడుసార్లు అడుగుతాడు. మూడుసార్లూ పువ్వు ఊరి పేరు చెప్పాలి. దాన్ని సాకీ అంటాం, సాక్ష్యం. అది చెప్పాకే మట్టి. ఎందుకంటే సముద్రపు గట్టు పువ్వూ మెరక నేల పువ్వూ చూడ్డానికి ఒకటే. అదే పొడవు, అదే లేత పసుపు రేకు. కోసిన ఉదయం పక్కన పెట్టుకుంటే వాసన కూడా ఒకటే అనిపిస్తుంది. తేడా అంతా నూనెలో బయటపడుతుంది. అప్పటికి కట్టెలూ పోయాయి, గంధమూ పోయింది.

పైగా మొగలి సంగతి అందరికీ తెలిసిందే. బ్రహ్మ మాట విని శివుడి ముందు దొంగసాక్ష్యం చెప్పిన పువ్వది. ఈ రోజుకీ శివుడి గడప లోపలికి రానివ్వరు దాన్ని. అలాంటి పువ్వు తన గురించి తాను చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు? అందుకే దాని తరఫున మనిషి చెప్పాలి. మా ఊరి పువ్వుకి ఆ మనిషిని నేను. ముప్పై ఏళ్లు నేనే.

సముద్రం మా ఇళ్ల వరసకి వచ్చిన ఏడు ప్రభుత్వం లారీలు పంపింది. సముద్రానికి తొమ్మిది కోసుల దూరంలో, కొండ కింద ఎర్రమట్టిలో కాలనీ కట్టారు. గోడలూ కప్పూ వాళ్లిచ్చారు, తలుపులు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోమన్నారు. ఊరంతా తలుపులు ఊడదీసి నెత్తిన పెట్టుకుంది. మా అక్క సెబతి నెత్తిన మాత్రం మొగలి పిలకలు ఉన్నాయి.

"నానీ, తలుపేదీ?" అన్నాను. మా వైపు అక్కని నానీ అంటాం.

"ఉంది అక్కడే. సముద్రానికి అవసరం పడుతుందేమో."

"తలుపు లేని ఇంట్లో ఎలా పడుకుంటావే?"

"ఏటుందిరా నా ఇంట్లో ఎత్తుకుపోడానికి? ఆ పిలకలు ముళ్లతో ఉన్నాయి, జాగర్తగా అందుకో. మొగ పొదల పిలకలే కోశాను, ఒక్కటి కూడా ఆడది లేదు."

మొగలిలో మొగ పొదకే పువ్వు వాసన. ఆడ పొద కాయలు కాస్తుంది. అక్కకి ఏభై ఎనిమిదేళ్లు, మొగుడు పోయి ఇరవై ఏళ్లు, ఆమెకి చేతనైనవి రెండే: దోటితో పువ్వు కొయ్యడం, ముల్లు తగలకుండా రేకు విప్పడం. ఆమె చెప్పిందని మరో పది ఇళ్లవాళ్లు కూడా తలుపు సగం, పిలకలు సగం ఎక్కించారు. లారీ వెళ్తుంటే దారిలో జనం లేచి నిలబడ్డారు, అడవి బదిలీ అవుతోందనుకున్నారు పాపం.

కాలనీ ముందు బోర్డు పాతారు. దాని మీద ఏముందో కైబల్య ప్రధాన్ చదివి చెప్పాడు. కైబల్య మా కాలనీ సంఘానికి పెద్ద, నాలుగు క్లాసులు చదివినవాడు, దాన్ని మర్చిపోనివ్వడు. బోర్డు మీద 'కియాబంధ' అని రాసి ఉందట. పాత పేరే పెట్టారని అందరం సంతోషించాం. కియా అంటే మొగలి. మొగలి గట్టు అని ఊరి పేరు. ఇక్కడ చూస్తే ఎర్ర మట్టి, గుండ్రాళ్లు, గట్టన్నది లేదు, మొగలి అంతకన్నా లేదు. అయినా పేరు ఉంది కదా, మిగతాది దాని వెనక నడిచి వస్తుందిలే అనుకున్నాం. మావాళ్లం అంతే. పడవ మునిగినా పేరు రాసిన చెక్క దొరికితే ఇంటికి తెచ్చుకుంటాం.

కాలవ పక్క పొడుగాటి పోరంబోకు నేల ఉంది. దాని పెత్తనం సంఘానిది. అక్క వెళ్లి అడిగింది.

కైబల్య అన్నాడు, "అక్కడ జీడి వేద్దామని ఆఫీసర్లు మొక్కలు ఇస్తున్నారు, నానీ."

"అయిదు వానలు చూడు. అయిదో వానకి మియా నా పువ్వు తీసుకుని నూనె తీయించాడా, నేల మొగలిది. తీసుకోలేదా, నువ్వు జీడేసుకో, నేనే గోతులు తవ్విపెడతాను."

"మాటేనా?"

"మొగలి మీద ఒట్టు."

"మొగలి మీద ఒట్టు ఎవరు నమ్ముతారు నానీ? దేవుడే నమ్మలేదు."

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. నేల ఇచ్చారు.

మూడు వందల పిలకలు వేశాం. మొదటి ఏడు బాగానే నిలబడ్డాయి, కానీ ఆకు మెత్తగా, ముల్లు పిల్లిగోరులా ఉంది. మా ఊళ్లో ముల్లు తగిలితే ఏడుపొచ్చేది. అక్క ఆలోచించి ఆలోచించి చెప్పింది, "దీనికి ఉప్పు సరిపోలేదురా ఉధియా."

అప్పట్నుంచి మొదలైంది. హుమా కొటార్ల నుంచి ఉప్పు బస్తాలు. అది చాలదని ఏటి బురద. అదీ చాలదని సముద్రపు నీళ్లు. వారానికి రెండుసార్లు అక్క రెండు ప్లాస్టిక్ క్యాన్లు పట్టుకుని బస్సెక్కేది. ఒకసారి నేనూ వెళ్లాను. కండక్టరు క్యాన్ల మీద చెయ్యి వేసి గొంతు తగ్గించి అడిగాడు.

"ఏటి మౌసీ, సారానా?"

"కాదు. సముద్రం."

"ఎక్కడికి?"

"మా ఊరికి."

"మీ ఊరే కదా సముద్రంలోకి పోయింది?"

"అందుకే. అది మా ఊరు తీసుకుంది, నేను దాన్ని తీసుకుపోతున్నాను. విడతకి రెండు క్యాన్లు."

కండక్టరు క్యాన్లు లెక్కపెట్టి, "సముద్రానికి హాఫ్ టికెట్ చాలు" అన్నాడు. ఆ తర్వాత అదీ తీసుకోవడం మానేశాడు. సీటు కింద ఆ నీళ్లు ఒలికి ఒలికి ఆ బస్సుకి తుప్పు పట్టి, చివరికి బ్రేకు వేస్తే ముందు చక్రాలు ఆగేవి, వెనక చక్రాలు ఇంకా సముద్రం వైపు పోతుండేవి.

ఉప్పు ఎక్కువై రెండో వేసవికి సగం పొదలు మాడిపోయాయి. మిగిలిన నూట ఏభై బతికాయి. మూడో వానకి మొదటి పువ్వు పూసింది.

అక్క దాన్ని చెంగులో చుట్టి నా దగ్గరికి తెచ్చింది. ఆమెకి వాసన తెలీదు. పదిహేనో ఏట నుంచి ముక్కుపొడుం పీల్చే మనిషి, ఆ దారి ఎప్పుడో మూసుకుపోయింది. ఎప్పుడూ నా ముక్కే ఆమె ముక్కు. ఇంటి ముందు గోనె పట్టా పక్కకి జరిపి గడప మీద కూర్చుంది. మిగతా ఇళ్లకి తలుపులున్నాయి, ఆమె ఇంటికి మూడేళ్లయినా అదే గోనె పట్టా.

"చెప్పు" అంది.

నేను రేకు విప్పి వాసన చూశాను. ఉంది. అదే గోల. లేకపోయినా బాగుండేది. చక్కగా పలకరించింది, ఎలా ఉన్నావని అడిగింది, అంతలోనే నేనెవరో మర్చిపోయింది. చేపా లేదు, తాటాకూ లేదు, చెంపదెబ్బా లేదు. మా ఊరి రేకు పెట్టెలో పెడితే మరుసటి వానదాకా బట్టలు మాట్లాడుకునేవి. ఇది సాయంత్రానికి గడ్డి అవుతుంది. ఆ సంగతి నా ముక్కు చాలా స్పష్టంగా చెప్పింది.

అక్క చేతులు చూశాను. ఉప్పు తిని అరచేతులు గాడి గాడిగా పగిలి ఉన్నాయి. సందుల్లో ఎర్రమట్టి.

"అదే నానీ" అన్నాను. "దక్షిణం గట్టు పువ్వే."

"తాటాకు ఉందా?"

"తాటాకేంటి, మొత్తం తాటిచెట్టే ఉంది. ఎక్కడానికి కొంచెం భయమేస్తోంది."

అక్క పొడుం డబ్బీ తీసి రెండు చిటికెలు పీల్చింది. సంతోషం వస్తే రెండు చిటికెలు ఆమెకి. ఆ రోజు నాలుగు పీల్చింది.

ఒక్క అబద్ధమే కదా, వచ్చే వానకి పొదలు ముదిరాక వాసన దానంతటదే వస్తుందిలే అనుకున్నాను. నాలుగో వాన వచ్చింది. వాసన రాలేదు. అక్క మళ్లీ గడప మీద కూర్చుని "చెప్పు" అంది. నేను మళ్లీ తాటిచెట్టెక్కాను. పొదలకి మంచినీళ్లే పోస్తే సరిపోయేదేమో, ఏ జీడో వేసుకునుంటే ఈపాటికి చిగురేసేదేమో కానీ, ఆమె క్యాన్లు మొయ్యడం మాత్రం మానలేదు. నా మాట మీద మరో రెండేళ్లు సముద్రాన్ని మోసింది.

అయిదో వాన. ఆ ఏడు పొదలన్నీ ఒక్కసారే విచ్చాయి. చీకటితో లేచి పదకొండు ఇళ్లవాళ్లూ దోటీలు పట్టుకున్నారు. రెండు వందల పువ్వు పైనే కోశాం. తడి గుడ్డలు చుట్టి, ఆటోలో వేసుకుని మియా భట్టీకి బయల్దేరాం. సముద్రం పాత భట్టీని కూడా అడుగుతుంటే, మియా ముందే తట్టాబుట్టా సర్ది పెద్ద రోడ్డు పక్కకి మారాడు. ఇప్పుడు రెండే డెగ్గులు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రెండేళ్ల కిందట ఒక జ్వరం వచ్చి మియాకి ముక్కు పోయింది. పైకి ముక్కు ఉంది, పొడుగాటిది, కనౌజు ముక్కు. లోపల పనిచెయ్యదు. ఆ సంగతి నా ఒక్కడికే చెప్పాడు. "పెనం మీద రొట్టె మాడినా నాకు పొగ చూస్తే కానీ తెలీట్లేదు గపువా. ఎవరితోనూ అనకు. కనౌజులో నా సీసాకి మూత తీసి చూడరు. నా ముద్ర చూసి పుచ్చుకుంటారు. నలభై ఏళ్ల ముద్ర" అన్నాడు. నేను ఎవరితోనూ అనలేదు. కోతలు కోసేవాడి దగ్గర రహస్యం భద్రంగా ఉంటుంది, చెప్పినా ఎవరూ నమ్మరు కాబట్టి.

మియా పువ్వుల గుట్ట చుట్టూ తిరిగాడు. ఒక పువ్వు తీసి, అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. ఏం వాసన చూశాడో ఆయనకే తెలియాలి. చిన్న డెగ్గు నింపించాడు. మూత పెట్టించి, మట్టి ముద్ద చేతిలోకి తీసుకుని నా వైపు చూశాడు.

"ఏ ఊరు?"

"కియాబంధ."

వెనక అక్క ఉంది. కైబల్య కూడా వచ్చాడు, ఒప్పందం చూసుకోవాలి కదా.

"ఏ ఊరు?"

"కియాబంధ."

ఇక్కడిదాకా నేను అబద్ధం ఆడలేదు. బోర్డు మీద అదే ఉంది. కావాలంటే కైబల్య చదివి చెప్తాడు. మూడోసారి కూడా అదే చెప్పి పక్కకి తప్పుకోవచ్చనుకున్నాను. కానీ మియా మూడోసారి వేరేగా అడిగాడు. నలభై ఏళ్లలో ఎప్పుడూ అలా అడగలేదు.

"ఏ కియాబంధ, గపువా?"

పొయ్యి దగ్గర కట్టె చిటపటమంటోంది. అక్క ఒక అడుగు ముందుకి వచ్చిందని ఆమె కడియం చప్పుడుకి తెలిసింది.

నేను నవ్వాను. "ఇంకో కియాబంధ ఎక్కడుంది మియా? చూపించండి, వెళ్లి పకోడీ తినొస్తాను. ఉన్నది ఒకటే."

అదీ నిజమే. చూశారా, ఒక్క మాట కూడా అబద్ధం లేదు. నా జన్మలో అంత నిజాయితీగా ఎప్పుడూ మాట్లాడలేదు. మియా తల ఊపి, మూత చుట్టూ మట్టి మెత్తాడు. అక్క డబ్బీ తీసింది.

మరునాడు కూజా విప్పారు. మియా పుల్లతో ఒక చుక్క తీసి నా చెయ్యి వెనక రాశాడు. గంధం మంచి గంధం, అది తన పాటికి తను వాసన వేస్తోంది. దాని పక్కన కూర్చోవలసినవాళ్లు ఎవరూ రాలేదు.

"ఎలా ఉంది?"

"రైలు ఆగిపోతుంది మియా" అన్నాను.

ఆయన సీసాలో పోసి, మూతకి లక్క కరిగించి పోసి, ముద్ర కొట్టాడు. కైబల్య అక్క వైపు తిరిగి చేతులు జోడించాడు. "నానీ, నేల నీదే. జీడి మొక్కలు వెనక్కి పంపేస్తాను" అన్నాడు. ఆ సాయంత్రం పదకొండు ఇళ్లలో పప్పు వండారు, అక్క అందరికీ పీఠాలు, అంటే మా వైపు పిండి రొట్టెలు, కాల్చి పెట్టింది. నేను సముద్రానికి అజీర్తి చేసిన కథ చెప్పాను. ఎప్పుడూ నవ్వని కైబల్య భార్య కూడా నవ్వింది. ఇరవై రెండు రోజులు మా కాలనీ నిజంగా కియాబంధలాగే ఉంది.

ఇరవై మూడో రోజు మధ్యాహ్నం మియా బస్సు దిగాడు. చంకలో గుడ్డ సంచి. అక్క లోపల పఖాళ, అంటే చద్దన్నంలోకి ఎండు చేప కాలుస్తోంది. మియా గోనె పట్టా బయట, నా పక్కన కూర్చున్నాడు. సంచిలోంచి సీసా తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు. లక్క పగిలి ఉంది.

"కనౌజు నుంచి వెనక్కి వచ్చింది" అన్నాడు.

నేను పగిలిన లక్క ముక్క ఒకటి గోటితో గిల్లాను.

"ఏం రాయించారో తెలుసా? మియా, సీసా బాగుంది, ఈసారి లోపల అత్తరు కూడా పోసి పంపండి అని." ఆయన నవ్వబోయాడు, రాలేదు. "కోప్పడినా బాగుండేది గపువా. ఎగతాళి చేశారు. నలభై ఏళ్ల తర్వాత."

"ఈసారి ఎండ ఎక్కువ కదా మియా, అందుకని..."

"నాకు ముక్కు లేదని నీకు ఒక్కడికే చెప్పాను."

"అవును."

"ఏ కియాబంధ అని అడిగాను. ఎందుకడిగానో తెలుసా? పువ్వు చేతిలోకి తీసుకుంటే ముల్లు గుచ్చుకోలేదు. మెరక నేల ముల్లు మెత్తన. ముక్కు పోయినా వేలు ఉంది కదా నాకు. కానీ ముప్పై ఏళ్లలో నువ్వు ఒక్క పువ్వుకీ దొంగసాక్ష్యం చెప్పలేదు. నా వేలుని కాదని నీ మాట నమ్మాను." ఆగి, చాలా మర్యాదగా అడిగాడు. "సాకీ చెప్పేటప్పుడు నీకు తెలుసా?"

ఆయన చేతులు సీసా మీద ఉన్నాయి. రాగి మసి పట్టిన గోళ్లు.

"తెలుసు" అన్నాను.

గోనె పట్టా కదిలింది. అక్క చేతిలో చేప పట్టకారు అలాగే ఉంది.

"ఎప్పట్నుంచి?" అంది.

"ఈ కోత నుంచే నానీ, ఈసారి వాన..."

"ఉధియా. మొదటి పువ్వప్పుడు తెలుసా?"

"తెలుసు."

అక్క పట్టకారు కింద పెట్టింది. చేతులు తిప్పి తిప్పి చూసుకుంది, అవి ఎవరివో అన్నట్టు. "మరి నేను ఎవరికోసం మోశానురా అంత సముద్రం" అంది. అరవలేదు. లోపలికి వెళ్లి చేప మాడిపోకుండా తిప్పింది. మియాకి అన్నం పెట్టింది. ఆయన తిన్నాడు. నాకూ పెట్టింది, నా వైపు చూడలేదు.

మియా ఆ చలికాలం భట్టీ మూసేశాడు. కనౌజు ఇక ఆయన ముద్ర చూసి పుచ్చుకోదు. ముద్ర పోయాక, ముక్కు లేనివాడు అత్తరు ఎలా తీస్తాడు? డెగ్గులు రెండూ పెళ్లిళ్ల వంటవాడికి అమ్మేశాడు. ఆ డెగ్గులో వండిన పలావు తిన్నవాళ్లు వారం రోజులు ఒకరినొకరు వాసన చూసుకుంటూ తిరిగారట. ఇది చెప్పినప్పుడు జనం నవ్వుతారు. నేనూ నవ్వుతాను. మియా ఇప్పుడు బరంపురంలో ఎవరింట్లోనో గేటు దగ్గర కూర్చుంటున్నాడని విన్నాను. నేను వెళ్లలేదు. వెళ్లి ఏ ఊరివాణ్ణని చెప్పను?

నేల సంగతి కైబల్య పెద్దరికంగానే చెప్పాడు. "నేను మాట తప్పలేదు నానీ. మియా తీసుకున్నాడు, నిజమే. కానీ నూనె కాలేదు." అక్క ఒప్పుకుంది. ఆమె కూడా మాట తప్పలేదు. జీడి గోతులు తవ్వడానికి తనే గునపం పట్టుకుని వచ్చింది. పొదలు వేళ్లతో లేపడానికి ట్రాక్టరు తెచ్చారు. మొగలి వేరు నేలని పట్టుకుంటే మామూలుగా రాదు. మా ఊళ్లో ఒక్క పొద లేపడానికి నాలుగు ఎద్దులు కట్టాం, పొద రాలేదు, ఊరే రెండు జానలు జరిగింది. ఇక్కడ మాత్రం గొలుసు వేసి లాగగానే వచ్చేశాయి, ఎదురుచూస్తున్నట్టు. పిలకలు తెచ్చిన మిగతా పదిమందీ నిలబడి చూశారు. ఎవరూ అక్కని ఒక్క మాట అనలేదు. నన్నూ అనలేదు. నన్ను అసలు ఏదీ అడగడం మానేశారు. చేప తాజాదో కాదో కూడా అడగరు.

అక్క ఒక్క పొద మాత్రం వేళ్లతో సహా తీయించి తన గడప పక్కన నాటుకుంది. తలుపు ఉండాల్సిన చోటికి పక్కన.

ఈ వానకి అది పూసింది. పది నెలల తర్వాత మొదటిసారి అక్క నన్ను పిలిచింది. పువ్వు చెంగులో ఉంది. గడప మీద కూర్చుంది.

"చెప్పు" అంది.

ఈసారి అబద్ధం చెప్పకూడదని దారిలోనే ఒట్టేసుకున్నాను. వాసన చూశాను. పలకరించింది, మర్చిపోయింది.

"లేదు నానీ. ఇది మెరక పువ్వే. ఎన్నటికీ ఇంతే. సముద్రం పక్కన లేనిదే ఇది మన పువ్వు అవదు. ఇక్కడ దాని ఆకుకి తాగడానికి ఆ గాలి లేదు."

అక్క పువ్వు వెనక్కి తీసుకుంది.

"అబద్ధాలకోరువి" అంది.

"నిజం నానీ. మియా మీద ఒట్టు."

"అప్పుడూ ఇలాగే నిజం చెప్పావు. ఉన్నది ఒకటే కియాబంధ అన్నావు. నీకేం తెలుసురా? సంగతి బయటపడిందని సిగ్గేసి ఇప్పుడు మొత్తానికే లేదంటున్నావు. కైబల్య భార్య ఇందాక వాసన చూసింది. ఎంత బాగుందో అంది. పాలవాడు కూడా అన్నాడు."

"వాళ్లకేం తెలుసు నానీ, వాళ్లు..."

"నీకన్నా తెలుసు."

అప్పట్నుంచి రోజూ ఇదే. పువ్వు ఉన్న రోజు పువ్వుతో, లేని రోజు ఆకుతో, వీధిలో పోయేవాళ్లందరి ముక్కు దగ్గరా పెడుతుంది. అందరూ ఆహా అంటారు. పెద్దావిడని ఎవరు నొప్పిస్తారు? నా ముక్కు దగ్గరా పెడుతుంది. నేను లేదంటాను. ఆమె తృప్తిగా తలాడిస్తుంది, గపువా లేదన్నాడంటే ఉన్నట్టే అని. పువ్వుని గోనె పట్టా అల్లికలో గుచ్చుకుని రెండు చిటికెల పొడుం పీలుస్తుంది. సాయంత్రానికి అది గడ్డి అవుతుంది. ఆమెకి తెలీదు.

మోకాళ్లు పట్టేసి ఆమె ఇప్పుడు బస్సెక్కలేదు. క్యాన్లు మూలన ఉన్నాయి. ఉప్పు మాత్రం వేస్తూనే ఉంది, రోజుకి దోసెడు. నేను వద్దంటే ఇంకో దోసెడు వేస్తుంది, కాబట్టి అనడం మానేశాను. పొద ఆకుల కొసలు అప్పుడే ఎర్రబడుతున్నాయి. వచ్చే వేసవి దాటదు. మొన్న ఉప్పు అయిపోయిందని నన్నే హుమా పంపింది. కండక్టరు బస్తా మీద చెయ్యి వేసి, ఈసారి సముద్రం గట్టిపడిందే అన్నాడు. అవును, ముసలిదైపోయింది అన్నాను. పది కిలోలు తెచ్చి ఆమె గడప దగ్గర దించాను.